ఇంటి గదిలో స్వరశాల: ఏ యంత్రము కొనవలెను?

అక్షరమనగా నశింపనిదని పెద్దలు అర్థము చెప్పుదురు. నోటి మాటకు ఆ భాగ్యము లేదు. పలికిన మరుక్షణముననే అది గాలిలో కలిసిపోవును. ఆ మాటను పట్టి నిలుపు సాధనములు ఒకప్పుడు మద్రాసు స్టూడియోలలోను, ఆకాశవాణి కేంద్రములలోను మాత్రమే ఉండెడివి. నేడు ఒక లాప్‌టాపు, ఒక మైకు, ఆ రెంటికి నడుమ అరచేతి వెడల్పు గల ఒక చిన్న పెట్టె ఉన్నచో వాకాడులోని ఏ ఇంటి గదియైనను స్వరశాల కాగలదు. ఆ చిన్న పెట్టెనే ఆడియో ఇంటర్‌ఫేస్ అందురు. మన విద్యార్థులలో పాడువారు, నాత్ చదువువారు, షాయిరీ వినిపించువారు, పద్యము పఠించువారు కొందరు దీనిని కొనదలచి, ఏది కొనుట మేలని అడుగుచున్నారు. కళాశాల పక్షముననే ఒకటి కొనరాదా అను మాటయు అప్పుడప్పుడు వినబడుచున్నది. రెండు ప్రశ్నలకును మా సమాధానము ఒక్కటే. ఎవరి గొంతును, ఏ గదిలో పట్టదలచితిమో ముందుగా నిశ్చయించుకొని, దానికి చాలినంత చిన్న యంత్రమును కొనవలెను. మిగిలిన సొమ్మును మైకుపైనను గదిపైనను వెచ్చించి, మిగిలిన శ్రద్ధనంతటిని ఆ గొంతు గలవారికి ఇయ్యవలెను.

ఈ పెట్టె చేయు పని యేమో తెలిసినచో సగము భ్రమలు తొలగిపోవును. మైకు నుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. సాధారణముగా వోల్టులో వేయవ వంతులతో లెక్కింపదగినది. ఆ సన్నని ధారను వందల వేల రెట్లు పెంచుట పెట్టెకు మొదటి పని. పెంచు భాగమునకు ప్రియాంప్ అని పేరు. అట్లు పెరిగిన ధారను సెకనుకు 48,000 మారులు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా వ్రాసి కంప్యూటరునకు అందించుట రెండవ పని. ఆ అంకెలనే మరల ధ్వనిగా మార్చి మన చెవికి వినిపించుట మూడవది. ఇంతకు మించిన మర్మము దీనియందు లేదు. ప్రకటనలలో కనబడు తక్కిన విశేషణములన్నియు ఈ మూడు పనులకు తొడిగిన ఆభరణములే.

చేతిలో ఫోను ఉండగా ఈ పెట్టె యేల యని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఫోను సంభాషణ కొరకు నిర్మింపబడినది. బిగ్గరగా పలికినచో తానే తగ్గించును. మెల్లగా పలికినచో తానే హెచ్చించును. ఎడతెగక సాగు ధ్వనిని రొదయని భ్రమించి అణచివేయజూచును. మాటకు ఇది ఉపకారమే గాని పాటకు అపకారము. తంబూర శ్రుతియైనను, తరన్నుమ్‌లో పంక్తి చివర నిలిపిన స్వరమైనను దాని దృష్టికి ఫంకా చప్పుడుతో సమానము. ఆ పిమ్మట వాట్సాప్‌లో పంపినచో మరియొకమారు కుదింపబడును. అయినను ఒక మాట చెప్పక తప్పదు. నేడు ఫోనులో పట్టిన ముదుసలి గొంతు, వచ్చే ఏడు కొనబోవు యంత్రము కొరకు వేచియుండి పోగొట్టుకొనిన గొంతుకంటె వేయి రెట్లు మేలు. కుదింపులేని వేవ్ ఫైలుగా రికార్డు చేయు అప్లికేషనును ఫోనులో పెట్టుకొని, ఫోనును ఒడిలోగాక బల్లపై నోటికి జానెడు దూరమున ఉంచినచో లోపములలో సగము తగ్గును. పెట్టె కొనువరకు పని ఆపరాదు.

ఇక ఎవరి గొంతు? ఇదియే అసలు ప్రశ్న. స్వర్ణముఖి సముద్రమును చేరు ఈ సీమ 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలోనిది; నేడు తిరుపతి జిల్లాలోనిది. జిల్లా మారినను నాలుక మారలేదు. తూపిలిపాళెము, దుగరాజపట్నము వైపు సముద్రముపై బ్రదుకువారి పలుకు ఒకటి. యానాదుల పలుకు మరియొకటి. శ్రీహరికోట దీవిని 1969లో రాకెట్టు కేంద్రమునకు ఎంపిక చేసిన పిమ్మట అచ్చటి యానాది కుటుంబములనేకము చోటు మారవలసివచ్చెను. చోటు మారినవారి పాటలు కూడ మారును, కొన్ని మరువబడును. మన ముస్లిం గృహములలో వినబడు ఉర్దూ లక్నో ఉర్దూ కాదు; అది దక్కనీ. అవునను చోట 'హౌ', వలదను చోట 'నక్కో' యను భాష. 'ఖాఫ్' అను అక్షరమును గొంతు లోతునుండి పలుకక 'ఖే' వలె పలుకు భాష. మన అవ్వలు ఖిస్సా చెప్పినపుడు వ్రాసికొన్నచో ఉర్దూ లిపిలో ఆ 'ఖాఫ్' ఖాఫ్‌గానే నిలుచును. చదువువానికి అది లక్నో వలెనే వినబడును. అవ్వ పలికిన తీరు కాగితముపై నిలువదు. నెల్లూరి తెలుగులోని 'ఎట్టా', 'యాడ' అను మాటల సాగతీతయు అట్టిదే.

అన్నిటికంటె మాకు ముఖ్యముగా తోచునవి పీర్ల పాటలు. మొహర్రము నాళ్లలో పీర్ల చావిడి యొద్ద హసన్ హుసేనుల కథను తెలుగు మాటలతో, ఉర్దూ పేర్లతో, పల్లె బాణీలతో పాడుదురు. పాడువారిలో హిందువులును కలరు. ఏ భాషా సాహిత్య చరిత్రలోను వీనికి దక్కవలసినంత చోటు దక్కలేదు. ఉర్దూ వారికి ఇవి తెలుగు, తెలుగువారికి ఇవి ముస్లిం పాటలు. ఉర్దూ తెలుగు రెండును చదువు మన కళాశాల వంటిది వీనిని చేరదీయక మరెవరు చేరదీయుదురు? బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడెను. జానపదుల పాట పండితులకు పఠనీయమైనది అట్టి గ్రంథముల వలననే. అయినను గ్రంథము పాట యొక్క మాటను మాత్రమే మోయగలదు. బాణీ పాడువాని గొంతుతోనే పోవును.

ఈ పని క్రొత్తది కాదు. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను గ్రామఫోను నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానమును పట్టెను. అది స్టూడియో కాదు, హోటలులోని గది. యంత్రమునకు విద్యుత్తు లేదు, మైకు లేదు. కొమ్ము వంటి గొట్టములోనికి పాడవలసియుండెను. ఫలకముపై పట్టు కాలము సుమారు మూడు నిమిషములు. ఆమె పాట చివర తన పేరు తానే చెప్పుట నేటికిని వినబడుచున్నది. జర్మనీలో ఫలకములను అచ్చువేయువారికి ఇది ఎవరి పాటయో తెలియుటకు ఆ ఏర్పాటు. మన విద్యార్థులు ఈ ఒక్క అలవాటును గ్రహించినను చాలును. పేరు, ఊరు, తేదీ పలుకని రికార్డు పదేండ్లకు అనాథ యగును. జార్జి గ్రియర్సన్ పర్యవేక్షణలోని భారతీయ భాషా పరిశీలన కొరకు 1913 మొదలు 1929 వరకు మన దేశ భాషలను, మాండలికములను గ్రామఫోను ఫలకములపై పట్టిరి. ఇల్లు వదలి తిరిగివచ్చిన కుమారుని బైబిలు కథను ఎందరి చేతనో వారి వారి పలుకులలో చెప్పించిరి. నూరేండ్ల క్రిందటి ఆ సామాన్యుల గొంతులు నేడు ఇంటర్నెట్‌లో వినవచ్చును. ఇంకను ఒకటి. కంఠస్థ పఠన సంప్రదాయము పదునాలుగు శతాబ్దులు చెక్కుచెదరక సాగిన ఖుర్ఆన్‌ను సైతము ఈజిప్టు వారు 1961 నాటికి షేక్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ కంఠమున ఆద్యంతము రికార్డు చేయించిరి. హాఫిజులకు కొరత లేని చోటనే ఆ జాగ్రత్త పడినచో, పాడువారు పట్టుమని పదిమంది లేని పాటల విషయమున మనమెంత జాగ్రత్త పడవలెను!

ఈ గొంతులను దృష్టియందుంచుకొని పెట్టెను ఎంచుదము. మైకు ప్రవేశములు రెండు చాలును. పాడువారికి ఒకటి, వాద్యమునకు ఒకటి; లేదా చెప్పువారికి ఒకటి, అడుగువారికి ఒకటి. ఎనిమిది ప్రవేశముల పెట్టె కొన్నచో ఖవ్వాలీ బృందమునంతటిని పట్టవచ్చునని కొందరి ఆశ. ఎనిమిది మైకులు, ఎనిమిది స్టాండ్లు, ఎనిమిది కేబుళ్లు ఎవరు కొందురు? పూర్వము గ్రామఫోనువారు బృందమునంతటిని ఒక్క మైకు ముందు కూర్చుండబెట్టి, గట్టిగా పాడువారిని వెనుకకు, మెల్లగా పాడువారిని ముందుకు జరిపి సమము చేసికొనిరి. రెండు మైకులతో మనమును అట్లే చేయవచ్చును. కుర్చీ జరుపుటకు ఖర్చు లేదు.

పెంపు శక్తి విషయమున మాత్రము లోభింపరాదు. మన ఇండ్లలో రొద ఎక్కువ కనుక, దగ్గరి ధ్వనిని మాత్రమే గ్రహించు డైనమిక్ మైకు మనకు అనువైనది. షూర్ సంస్థ 1966 నుండి తయారుచేయుచున్న ఎస్.ఎం. 58 ఈ జాతిలోనిదే. సభలలో, మసీదులలో, పెండ్లి పందిళ్లలో దీనిని గాని దీని అనుకరణలను గాని చూడనివారుండరు. క్రింద పడినను చెడిపోదు, తేమకు జంకదు. దీనికి గల కొరత యొక్కటే: ఇది ఇచ్చు విద్యుత్తు తక్కువ. మెల్లగా మాటలాడు ముదుసలి ముందు దీనిని పెట్టినచో 50 మొదలు 60 డెసిబెల్‌ల పెంపు కావలసివచ్చును. ప్రియాంప్ అంత పెంచలేనిదైనచో, పెంచునప్పుడు బుస్సుమను చప్పుడు చేయునదైనచో ఆ అవ్వ కథ బుసలో మునిగిపోవును. కావున కొనువారు ముందు చూడవలసిన అంకె గెయిన్. ఫోకస్‌రైట్ వారి స్కార్లెట్ 2ఐ2 మూడవ తరము పెట్టెలో ఇది 56 డెసిబెల్‌లు. 2023లో వచ్చిన నాలుగవ తరములో 69. ఈ భేదము మన పనికి నిజముగా ఉపకరించునది. ప్రియాంప్ స్వంత రొదను తెలుపు మరియొక అంకె కలదు. మంచి పెట్టెలన్నిటికిని అది ఇంచుమించు మైనస్ 128 చుట్టును తిరుగుచుండును. మైకు వంటి 150 ఓముల నిరోధమునకు భౌతిక శాస్త్రము విధించిన హద్దు మైనస్ 131. ఆ మూడంకెల మేర కొరకు రెట్టింపు ధర ఇచ్చుట, తలపై ఫంకా తిరుగుచుండగా, మాకు వివేకముగా తోచదు.

నాదస్వరమునకు కథ తలక్రిందులు. కరవదిలో జన్మించి శ్రీరంగమున స్థిరపడిన షేక్ చినమౌలానా సాహెబును, 2021లో పద్మశ్రీ అందుకొనిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులను కన్న తెలుగు నేలలో నాదస్వరము పట్టవలసిన అవసరము రాకపోదు. అది ఆరుబయట ఊరంతటికి వినబడుటకై పుట్టిన వాద్యము. దాని ముందు గెయిన్ తిరుగుడు దాదాపు సున్నకు దింపి, మైకును బారెడు దూరము జరుపవలెను. కడవ నిండిన తరువాత పోసిన నీరు నేలపాలైనట్లే, పెట్టె పట్టగల మేరకు మించిన ధ్వని చీలికలై పాడైపోవును. ఆ పిమ్మట ఏ సాఫ్ట్‌వేరును దానిని అతుకజాలదు. అంతకు మించి, సతీశ్ ధవన్ కేంద్రము నుండి రాకెట్టు లేచినప్పటి ఉరుమును పట్టవలెనని ఉబలాటపడు విద్యార్థులకు వేరొక వ్యాసము వ్రాయవలసియుండును.

అంకెల వ్యామోహమును గూర్చి కొంత విపులముగా చెప్పెదము. డబ్బు ఎక్కువగా వృథా యగునది ఇచ్చటనే. అట్టలపై 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని పెద్ద అక్షరములతో ముద్రింతురు. మొదటి అంకె మేలైనది. 16 బిట్ల కొలతతో నెమ్మదికి, బిగ్గరకు నడుమ సుమారు 96 డెసిబెల్‌ల అంతరము పట్టును. 24 బిట్లతో లెక్కప్రకారము 144. ఏ పెట్టెయు ఆ 144ను నిజముగా అందుకొనదు. అయినను దాని వలన ఒక సౌఖ్యము కలదు: మీటరును సున్నకు ఆనించి పట్టవలసిన పనిలేదు. మైనస్ 12 దరిదాపున నిలిపినచో, పాడువారు ఆవేశమున గొంతెత్తినను కడవ పొర్లదు. మెల్లని భాగము రొదలో మునుగదు. రెండవ అంకె సంగతి వేరు. సెకనుకు 48,000 కొలతలతో 24,000 హెర్ట్జ్ వరకు గల ధ్వనిని పట్టవచ్చును. యువకుని చెవికి వినబడునదే 20,000 వరకు. మా వయసువారికి అందులోను కొంత పోయినది. స, శ, ఫ వంటి ఊష్మధ్వనుల బలమంతయు దీనికి ఎంతో లోపలనే ఉండును. పాత టెలిఫోనులో 'స' కును 'ఫ' కును భేదము తెలియకుండుటకు కారణము అది 3,400 హెర్ట్జ్ వద్దనే కోసివేయుట. 48,000 కొలతలు చాలకపోవుట కాదు. పాత టేపులను అంకెలలోనికి మార్చు ధ్వని భాండాగారములకు అంతర్జాతీయ సంఘము విధించిన కనీస ప్రమాణము 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు. వీలైనచో 96 మేలని దాని సలహా. అవ్వ కథకు ఆ కనీసము పుష్కలము. ఒక మైకుతో గంట కథకు 520 మెగాబైట్లు పట్టును. 192తో పట్టినచో రెండు గిగాబైట్లు దాటును. వినబడని దానిని దాచుటకు నాలుగు రెట్లు చోటు!

ఆలస్యమను మరియొక భయము కలదు. పాడినది కంప్యూటరు చుట్టి వచ్చి హెడ్‌ఫోనులో వినబడుసరికి కొంత వ్యవధి పట్టును. 256 కొలతల బఫరుకు అది అయిదు వెయ్యవ వంతుల సెకను పైచిలుకు. ఆరడుగుల దూరమున నిలిచినవాని మాట మన చెవి చేరుటకును అంతే కాలము పట్టును. రానుపోను కలిపి రెట్టింపైనను, డైరెక్ట్ మానిటర్ అను మీట గల పెట్టెలో పాడువాని గొంతు కంప్యూటరునకు పోకమునుపే అతని చెవికి చేరును. ఆ మీట ఉన్నదా లేదా చూచుకొన్నచో చాలును.

మన తీరమునకు ప్రత్యేకమైన సంగతి విద్యుత్తు. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటిన మిచౌంగ్ తుపాను మన వైపును ముంచివేసిన సంగతి ఎవరును మరువలేదు. అట్టి తుపానులు లేని నాళ్లలోను కరెంటు మన ఇష్టప్రకారము ఉండదు. కావున గోడ సాకెట్టు కోరక లాప్‌టాపు నుండియే యూఎస్‌బీ తీగ ద్వారా విద్యుత్తు గైకొను పెట్టెనే కొనవలెను. దీనివలన మరియొక మేలు కలదు. ఎర్తు సరిగా లేని ఇంటిలో చార్జరు తగిలించి రికార్డు చేసినచో 50 హెర్ట్జ్ కరెంటు హోరు పాట క్రింద తుమ్మెద వలె మ్రోగుచుండును. చార్జరు పెరికివేసి బ్యాటరీపై నడిపినచో ఆ తుమ్మెద తరచుగా ఎగిరిపోవును. ఉప్పుగాలి లోహపు కొనలను తినివేయును. పని ముగిసిన పిమ్మట పెట్టెను, కేబుళ్లను, మైకును మూత బిగువుగల స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో దాచవలెను. ఖరీదైన కండెన్సర్ మైకులు తేమకు చిటపటలాడును. ఇది వానిని మేము మెచ్చకుండుటకు రెండవ కారణము.

పాతవి చౌకగా వచ్చునని చెన్నై బజారునుండి తెచ్చుకొనువారికి ఒక హెచ్చరిక. ఫైర్‌వైర్ తీగతో పనిచేయు పెట్టెలు ఒకప్పుడు ఘనమైనవే. నేటి లాప్‌టాపులలో ఆ రంధ్రమే లేదు. యూఎస్‌బీ పెట్టెలలో సైతము తయారీదారు డ్రైవరు ఇచ్చుట మానివేసిన కొన్ని క్రొత్త కంప్యూటరులలో మూగబోవును. ప్రత్యేక డ్రైవరు లేకయే ఫోనుతోను, లినక్స్‌తోను పనిచేయునదైనచో ఎక్కువ కాలము బ్రదుకును. కొనుటకు ముందు మన లాప్‌టాపునే దుకాణమునకు తీసికొనిపోయి తగిలించి చూచుట మేలు.

పేర్లు చెప్పుమనినచో చెప్పెదము. బెరింగర్ యు.ఎం.సి. 22 మిక్కిలి చౌక. అయితే ఒకే మైకు ప్రవేశము, 16 బిట్లు మాత్రమే. దానికి కొంత చేర్చి అదే సంస్థ వారి 202 హెచ్.డి. కొనుట మేలు, రెండు ప్రవేశములు, 24 బిట్లు కలవు. స్కార్లెట్ 2ఐ2 గూర్చి పైన చెప్పితిమి. మోటు ఎం2 ముఖమున చిన్న తెరపై మీటరు స్పష్టముగా కనబడును. నేర్చుకొనువారికి అది గురువువంటిది. స్టైన్‌బర్గ్ వారి యు.ఆర్. 22 సి. పెట్టెకు వేరుగా అయిదు వోల్టుల ప్రవేశము ఉన్నందున పవర్ బ్యాంకు తగిలించి ఫోనుతో నడుపవచ్చును. ఇండ్లలో కూర్చుండి పాడువారికి వీనిలో ఏదైనను చాలును. కళాశాలకు మాత్రము మా ఓటు వేరొకదానికి. జూమ్ హెచ్ 5 వంటి చేతి రికార్డరు రెండు చిన్న సెల్లులతో కంప్యూటరు లేకయే పీర్ల చావిడి యొద్ద పనిచేయును. దానిలో రెండు మైకు ప్రవేశములు, 48 వోల్టుల సరఫరా కలవు. ఇంటికి తెచ్చి లాప్‌టాపునకు తగిలించినచో అదియే ఇంటర్‌ఫేస్ కూడ అగును. ధ్వని నాణ్యతలో అది పై పెట్టెలను మించదు. కాని పాట మన గదికి రాదు. మనమే పాట యొద్దకు పోవలెను.

గది మాట మిగిలినది. క్రొత్త స్లాబు ఇంటిలో చప్పట్లు కొట్టి చూడుడు. గోడలు, టైల్సు నేల ఆ చప్పట్లను నాలుగు మారులు తిరిగి ఇచ్చును. ఏ యంత్రమును ఆ ప్రతిధ్వనిని తరువాత తీసివేయజాలదు. మన తాతల పూరింటిలో, మట్టి గోడల నడుమ, పైన గడ్డి, క్రింద చాప, మూలను ధాన్యపు బస్తాలు ఉండగా ధ్వని ఎంత మెత్తగా ఇమిడిపోయెడిదో ఎరిగినవారెరుగుదురు. పేదవాని ఇల్లు ఈ ఒక్క విషయమున ధనవంతుని ఇంటిని గెలిచినది. స్లాబు ఇంటివారు పరుపును గోడకు నిలబెట్టి, దండెముపై బొంతలు దుప్పట్లు వ్రేలాడదీసి, వానికి వీపు పెట్టి పాడినచో చాలును. ఫంకా ఆపవలెను, ఫ్రిజ్జు ఆపవలెను. రొయ్యల గుంటల చెంత నుండువారు ఏరియేటర్లు తిరుగని వేళ చూచుకొనవలెను. ఫజ్ర్ నమాజు ముగిసిన పిమ్మటి అరగంట దీనికి మంచి సమయమని మా అభిప్రాయము, కాకులు మేల్కొనువరకు.

స్వంత పెట్టె కొనుటకు పదివేలో ఇరువదివేలో వెచ్చింపగల కుటుంబములు మనలో ఎన్ని? వలలపై, రొయ్యల గుంటలపై, కుట్టుపనిపై బ్రదుకు ఇండ్ల పిల్లలు ఉపకార వేతనమును దీనికి ధారపోయుట మాకు సమ్మతము గాదు. నెల్లూరు సీమలో పుట్టిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గాయకుడుగా స్థిరపడిన పిమ్మట చెన్నైలో రికార్డింగు థియేటరు నెలకొల్పి, తనకు 1966లో తొలి సినిమా పాట పాడు అవకాశమిచ్చిన కోదండపాణి పేరు దానికి పెట్టెను. స్వరశాల ముందు కట్టి పాట తరువాత నేర్చినవారు కారు. కావున కమిటీ వారిని మేము కోరునది ఇది. ఎనిమిది ప్రవేశముల పెట్టెతో, గాజు తలుపులతో, ప్రారంభోత్సవ శిలాఫలకముతో ఒక గదిని అలంకరింపవలదు. అదే సొమ్ముతో రెండు మూడు రేకు పెట్టెలు సిద్ధము చేయవలెను. ఒక్కొక్కదానిలో ఒక రికార్డరు గాని చిన్న ఇంటర్‌ఫేస్ గాని, ఒక డైనమిక్ మైకు, ఒక పొట్టి స్టాండు, రెండు కేబుళ్లు, చెవిని పూర్తిగా కప్పు హెడ్‌ఫోను. గ్రంథాలయమున పుస్తకము ఇచ్చినట్లు వారము గడువుతో విద్యార్థులకు ఇయ్యవలెను. పోగొట్టుదురేమో యను శంక పుస్తకముల విషయమునను ఉండెడిదే.

అనుమతి సంగతి కమిటీ వారు ముందే తేల్చవలెను. మన ఇండ్లలోని స్త్రీలు కొందరు తమ గొంతు బయటివారు వినుటకు ఇష్టపడరు. అట్టివారి మనుమరాలు రికార్డు చేసి ఇంటిలోనే దాచుకొన్నను ఈ పెట్టె తన పని తాను చేసినట్లే. కళాశాలకు ఇచ్చుటకు ఒప్పుకొనినవారివి మాత్రమే కళాశాలలో ఉండవలెను. ఇంటర్నెట్‌లో పెట్టుటకు వేరుగా అడుగవలెను. ప్రతి రికార్డుకు మూడు నకళ్లు కావలెను: ఒకటి ఆ కుటుంబమునకు, ఒకటి కళాశాల హార్డ్ డిస్కునకు, ఒకటి వేరొక ఊరిలో. సముద్రమునకు ఇంత చేరువ నున్నవారము గనుక ఆ మూడవది మరువరాదు.

రేకు పెట్టెతో పాటు ఒక రిజిస్టరు ఉండవలెను. పాడినవారి పేరు, ఊరు, వయస్సు, ఎవరి యొద్ద నేర్చినది, పట్టిన తేదీ, ఇంటిలో దాచవలెనా బయట వినిపింపవచ్చునా అను గడులు దానిలో ఉండవలెను. ఆ గడులను ఉర్దూలోను తెలుగులోను నింపవలెను. పాడినవారు చదువగల లిపిలో వారి చేతనే సంతకము గాని వేలిముద్ర గాని వేయింపవలెను. వచ్చే మొహర్రమునకు ముందుగా ఒక్క పెట్టెయైనను సిద్ధమైనచో, దానిని తొలుత తీసికొనిపోవుటకు ముందుకు వచ్చు విద్యార్థుల జాబితాను మేము సమకూర్చి ఇయ్యగలము.